ఆ పొద్దుటి పదిహేడు బళ్ళు

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, అది హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. లైను మీద అందరికీ ఆవిడ చక్రాలమ్మ. కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరుగుతుందని ఒక గార్డు ఎప్పుడో విసుక్కుంటూ అన్న మాట అది. ఆ గార్డు రిటైరై వెళ్ళిపోయాడు, మాట మాత్రం మిగిలిపోయింది. ఎదురుగా 'మేడమ్' అనేవారు, ఆవిడ వీపు తిరగ్గానే చక్రాలమ్మ అనేవారు. ఆవిడకి తెలుసు. ఒకసారి కంట్రోల్ రూం తలుపు తీసేసరికి ఎవరో "చక్రాలమ్మ వస్తోంది, టీ గ్లాసులు దాచండి" అంటున్నారు. "దాచక్కర్లేదు, నాకూ ఒకటి పోయండి" అని లోపలికి వచ్చి, నిలబడే తాగి, సగం గ్లాసు కిటికీలో పెట్టి మరిచిపోయి వెళ్ళిపోయింది.

పంతొమ్మిది స్టేషన్లు, ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఊళ్ళోకి వచ్చే పట్టా ఒకటి, ఊరి బయటికి పోయేది ఒకటి. రోజుకి రెండు వందల పన్నెండు బళ్ళు. పనులకి పోయేవాళ్ళు, చదువులకి పోయేవాళ్ళు, ఆసుపత్రులకి పోయేవాళ్ళు, అందరినీ పొద్దున తెచ్చి ఊళ్ళో దింపి సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేర్చాలి. బళ్ళు వేళకి నడవాలి, ఎవరికీ ఏమీ కాకుండా నడవాలి, ఎక్కినవాళ్ళు తిట్టుకోకుండా దిగాలి. ఈ మూడూ చూసే ఉద్యోగం ఆవిడది. "ఈ మూడూ ఒక ఇంట్లో తోడికోడళ్ళు. ఒకదాన్ని దగ్గరికి తీస్తే మిగతా ఇద్దరూ మూతి ముడుస్తారు" అనేది.

ఇరవై రెండో ఏట ప్లాట్‌ఫారం మీద ప్రకటనలు చదివే పనికి చేరింది. తర్వాత సిగ్నల్ కేబిన్, తర్వాత కంట్రోల్ రూం. ఇరవై తొమ్మిదేళ్ళు గడిచేసరికి లైనంతా ఆవిడ చేతికి వచ్చింది. గదీ కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలో ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. పొద్దున్నే మెరుపు పట్టీల కోటు తగిలించుకుని ఏదో ఒక బండెక్కేది. ఒక స్టేషన్లో దిగి మెట్ల మీద జారుతోందేమో కాలితో రాసి చూసేది, ఇంకో స్టేషన్లో దిగి తలుపులు ఎన్ని సెకన్లకి మూసుకుంటున్నాయో లెక్కపెట్టేది.

ఇంట్లోనూ అంతే. భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం. నెమ్మదైన మనిషి. ఫ్రేములో మర మేకు బిగించడానికి ఎంతసేపైనా ఊపిరి బిగబట్టి కూర్చోగలడు. "ఊళ్ళో సగం మందికి చూపు సర్దాను. ఇంట్లో ఒక్క మనిషికి కుదురు సర్దలేకపోయాను" అనేవాడు. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "మా కోడలు అన్నం తింటుంటే పక్క ప్లాట్‌ఫారం మీద బండి ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది" అనేది.

ఇలా ఉండగా ఒక సోమవారం ఉదయం బావగారు ఆవిడ కోసం కంట్రోల్ రూం బయట నిలబడ్డాడు.

బావగారంటే లైనులో అందరికంటే పాత డ్రైవరు. కనబడిన ప్రతివాణ్ణీ "ఏం బావా" అని పలకరిస్తాడు కాబట్టి ఆయనకే ఆ పిలుపు అంటుకుంది. రిటైర్మెంటుకి ఇంకా నలభై రోజులుంది. బండిలో సీటు కిర్రుమన్నా, అద్దం మీద గీత పడినా పుస్తకంలో రాసే మనిషి. ఆయన రాతలు చూసి వర్క్‌షాపు వాళ్ళు నవ్వుకునేవారు.

"అమ్మా, ఇది పుస్తకంలో రాయలేదు. రాస్తే నవ్వుతారు. ముందు మీ చెవిన వేద్దామని" అన్నాడు.

"చెప్పండి బావగారూ."

"ఎనిమిదో స్టేషన్ దాటాక మలుపుంది కదా, సబ్బుల ఫ్యాక్టరీ గోడ పక్కన. ఊళ్ళోకి వచ్చే పట్టా మీద. అక్కడ బండి ఒక్క ఊపు ఊగుతోంది. ఊగడం అంటే ఊగడం కాదు. మెట్లు దిగుతుంటే ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తాం చూడండి, ఉండదు. అలా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిరోజులై ఉంటుంది. ముందు నా నడుమే అనుకున్నాను."

ఆవిడ ఆ క్షణమే ఆయన వెంట వెళ్ళి బండెక్కింది. డ్రైవరు గదిలో ఆయన పక్కన నిలబడి, రెండు పాదాలూ నేలకి ఆనించి, మలుపు కోసం చూసింది. ఫ్యాక్టరీ గోడ వచ్చింది. ఏదో తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. నాలుగోసారి అరికాళ్ళ కింద నేల ఒక్క రెప్పపాటు లేనట్టయింది.

ఆ మధ్యాహ్నమే మలుపు దగ్గర నెమ్మదిగా పోవాలని ఉత్తర్వు ఇచ్చింది. రైలు మనుషుల భాషలో దాన్ని కాషన్ అంటారు. డెబ్బై వేగంతో పోయే బండి అక్కడ ఇరవై మించకూడదు. కాగితం మీద సంతకం ఆవిడది. ఎత్తేయాలన్నా ఆవిడ సంతకమే కావాలి.

పట్టాల ఇంజనీరు పరికరాలతో వచ్చాడు. తెలివైనవాడు, పని దొంగ కాదు. పట్టాల మధ్య ఎడం కొలిచాడు, ఎత్తుపల్లాలు కొలిచాడు, పట్టా లోపల పగుళ్ళున్నాయేమో యంత్రంతో చూశాడు. రెండు రోజులు చూశాక అంకెలన్నీ ఆవిడ బల్ల మీద పరిచాడు.

"ఏమీ లేదు మేడమ్. ఈ మలుపు మిగతా వాటికంటే బాగుంది, నిజం చెప్పాలంటే."

"మరి ఆ ఊపేంటి?"

"నేను బండిలో మూడుసార్లు వెళ్ళాను. నాకు తెలియలేదు. ఇరవైలో ఎవరికీ తెలియదు."

"డెబ్బైలో నాకు తెలిసింది."

"మీకు తెలిసిందా, బావగారు చెప్పారు కాబట్టి తెలిసినట్టు అనిపించిందా?" అని అడిగాడు ఇంజనీరు. మర్యాదగానే అడిగాడు. ఆ ప్రశ్న ఆవిడని పట్టుకుంది. రాత్రి పక్క మీద కాళ్ళు ఆడిస్తూ అదే నమిలింది. అటు తిరిగినా అదే, ఇటు తిరిగినా అదే.

ఈలోగా లైను అతలాకుతలమైంది. ఒక్కో బండికి పోయేది రెండున్నర నిమిషాలే. కానీ రద్దీ వేళ అయిదు నిమిషాలకో బండి వస్తుంది. ముందు బండి ఆగితే వెనక బండి ఆగాలి, దాని వెనకది ఇంకాస్త ఆగాలి. ఎనిమిదయ్యేసరికి ఆలస్యం పావుగంటకి పెరిగేది. ప్లాట్‌ఫారాల మీద జనం భుజం భుజం రాసుకుంటూ నిలబడేవారు. ఒక స్టేషన్ మాస్టరుని ఎవరో కాలరు పట్టుకున్నారు. ఆవిడ ఎక్కడా కాలు నిలపలేక అన్ని స్టేషన్లూ తిరిగి, దొరికిన ప్రతి ప్రయాణికుడికీ తానే సంజాయిషీ చెప్పింది. "ఎందుకు నెమ్మదిగా పోతున్నారు?" అంటే, "ఒక చోట అనుమానం ఉంది" అనేది. "ఏం అనుమానం?" అంటే, తర్వాతి బండి వేళ చెప్పి పక్క మనిషి దగ్గరికి నడిచేది.

డైరెక్టరు నాలుగో రోజు పిలిపించాడు. అరవలేదు, బల్ల గుద్దలేదు. ఫిర్యాదుల కట్ట చూపించి, "ఆధారం ఏది?" అని ఒక్క ముక్క అడిగాడు. "ఈ వారం చూద్దాం. వచ్చే సోమవారానికి ఏదైనా చూపించండి. లేకపోతే ఎత్తేయండి. నిర్ణయం మీదే, నేను బలవంతపెట్టను" అన్నాడు. బలవంతపెట్టనని అనడంలో ఎంత బలవంతం ఉందో ఆవిడకి అర్థమైంది. అయినా ఆవిడ లొంగింది డైరెక్టరు మాటకి కాదు.

శుక్రవారం ఒక మనిషి ఆఫీసుకి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుందట. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు.

"నన్ను మీ మీద అరవమని మా ప్లాట్‌ఫారం వాళ్ళు పంపలేదమ్మా, నేనే వచ్చాను. ఈ వారంలో మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే పొద్దుటి పని తీసేసి రాత్రి పనిలో వేస్తానంది మా సూపర్‌వైజరు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. మా ఆయనది రాత్రి కాపలా పని, ఇక వాళ్ళ దగ్గర ఎవరుంటారు? మా అక్క ఉంది గాని దానికే నలుగురు."

"ఇంకాస్త ముందు బండి..."

"ముందు బండెక్కాలంటే పిల్లల్ని చీకట్లో లేపాలి. లేపుతున్నాను కూడా. ముందు బండీ ఆలస్యమే." భుజం మీది సంచీ సర్దుకుంది. "అక్కడ నిజంగా ఏమైనా ఉందా అమ్మా? ఉంటే చెప్పండి, నేను వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

ఉందంటే చక్రాలమ్మ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. లేదంటే ఇన్నాళ్ళూ ఈ మనుషుల్ని ఎందుకు ఏడిపిస్తున్నట్టు? "చూస్తున్నామమ్మా" అంది. ఆ మాట తన చెవికే చప్పగా తగిలింది. ఇస్త్రీ ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది.

శని ఆదివారాలు ఆవిడ ఇంట్లో ఉన్నా లేనట్టే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అక్కడి నుంచి మెట్ల మీదికి. అత్తగారు చూసి చూసి, "అమ్మాయ్, నీ వెనక తిరిగి నా కళ్ళు నొప్పెడుతున్నాయి. ఏదో ఒకటి తేల్చుకుని కూర్చో" అంది. భర్త మాత్రం దుకాణం కట్టేసి వచ్చాక పక్కన చేరి అడిగాడు.

"నీకు నిజంగా తెలిసిందా, లేదా?"

"తెలిసిందనే అనుకున్నానండీ. ఇప్పుడు ఆ తెలిసింది కూడా జారిపోతోంది."

"దుకాణానికి వచ్చినవాళ్ళూ అంతే. ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని పదిసార్లు మారిస్తే, చివరికి ఏదీ చెప్పలేరు."

"అప్పుడు మీరేం చేస్తారు?"

"ఇంటికెళ్ళి నిద్రపోయి రేపు రమ్మంటాను" అన్నాడాయన. ఆవిడకి నవ్వొచ్చింది గాని నిద్ర రాలేదు.

సోమవారం ఉదయం అయిదున్నరకి సంతకం పెట్టేసింది. ఏడు గంటల బండి నుంచి మలుపు దగ్గర డెబ్బైతో పోవచ్చు.

సంతకం పెట్టాక గదిలో నిలవలేకపోయింది. తాను పెట్టిన సంతకం మీద ముందు తానే ఎక్కాలనిపించింది. ఊరి చివర స్టేషన్‌కి వెళ్ళి ఏడు గంటల బండిలో డ్రైవరు గది ఎక్కింది. ఆ రోజు ఆ బండి బావగారిదే. ఆయన "రండమ్మా" అని జరిగి చోటిచ్చాడు. ప్లాట్‌ఫారాల మీద జనం ఈ వారంలో మొదటిసారి వేళకి వచ్చిన బండిని చూసి ఎక్కుతున్నారు. ఎవరో అద్దంలోంచి బావగారికి నమస్కారం కూడా పెట్టారు.

ఎనిమిదో స్టేషన్ దాటింది. బండి వేగం అందుకుంది. సబ్బుల ఫ్యాక్టరీ గోడ పరుగెత్తుకుంటూ వచ్చింది. అరికాళ్ళ కింద నేల పోయింది, తిరిగి వచ్చింది.

ఆవిడ బావగారి మొహంలోకి చూసింది. ఆయన పట్టాల మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఎలా ఉంది?" అంది.

"మీరు చెప్పండమ్మా" అన్నాడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన అంటాడని ఆవిడ, ఆవిడ అంటుందని ఆయన, ఇద్దరూ ఎదురుచూశారు. ఎవరూ అనలేదు. వారంపాటు అంకెలు చూసి, ఫిర్యాదులు చదివి, ఇస్త్రీ ఆవిడ ముందు తలవంచుకుని, ఇప్పుడు పెట్టిన సంతకం తడి ఆరకముందే 'కాదు, మళ్ళీ నెమ్మదిగా పోవాలి' అనడానికి ఆవిడకి నోరు పెగల్లేదు. బండి ఊళ్ళోని చివరి స్టేషన్‌కి ఏడు యాభైకి చేరింది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

ఎనిమిది గంటలకి డైరెక్టరు గదిలో మీటింగు. ప్లాట్‌ఫారం ప్రకటనలకి కొత్త గొంతు ఎంపిక చెయ్యాలి. మూడు గొంతులు వినిపించారు. ఒకటి మరీ తియ్యగా ఉంది, ఒకటి నిద్రపుచ్చేలా ఉంది, ఇంకోటి తిడుతున్నట్టుంది. అందరూ ఆవిడ వైపు చూశారు, ఈ పనితోనే ఉద్యోగంలో చేరిన మనిషి కదా అని. మూడో గొంతు "బండి మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నది" అని రెండోసారి అంటుండగా ఆవిడ బల్ల కింద పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆనించి ఉన్నాయి. అది గమనించుకుని లేచి నిలబడింది.

"ఏమైంది?" అన్నాడు డైరెక్టరు.

"బళ్ళు ఆపాలి" అంది. వరండాలో పరుగెత్తుతూనే కంట్రోల్ రూంకి ఫోను చేసింది. నెమ్మదిగా పోవడం కాదు, ఊళ్ళోకి వచ్చే పట్టా మీద మొత్తం ఆపేయమంది. అప్పుడు టైము ఎనిమిది నలభై. ఏడు గంటల బండి మొదలు అప్పటిదాకా ఆ మలుపు మీదుగా పదిహేడు బళ్ళు డెబ్బైతో పోయాయి.

మలుపు దగ్గరికి ఆవిడతో గ్యాంగ్ మేస్త్రి వచ్చాడు. పట్టాల కింద కంకర సర్దే కూలీలకి పెద్ద. వేలెడు మందం అద్దాలున్న కళ్ళజోడు, అదీ ఆవిడ భర్త దుకాణంలోదే. పట్టాల వెంట నడుస్తూ నడుస్తూ ఆవిడ పట్టాలని మోసే మట్టి కట్ట మీంచి కిందికి చూసింది.

"మేస్త్రీ, ఇన్నాళ్ళూ వాన లేదు కదా. ఆ గడ్డి అక్కడ మాత్రం ఎందుకంత పచ్చగా ఉంది?"

మేస్త్రి కళ్ళజోడు సర్దుకున్నాడు. కట్ట మొత్తం మీద గడ్డి ఎండి పసుపు తిరిగింది. కింద, ఫ్యాక్టరీ గోడ వైపు, ఒక మంచం పట్టేంత మేర మాత్రం మోకాలెత్తు పచ్చగా ఉంది.

"నేను నెల కిందటే చూశాను మేడమ్."

"చూసి?"

"నన్ను పట్టాలు చూడమన్నారు గాని కట్ట చూడమనలేదు కదా. గడ్డి గురించి ఎవరడుగుతారని..."

మేస్త్రి గునపం తీసుకుని దిగి, ఆ పచ్చ చోటు పైన కట్ట వాలులో గుచ్చాడు. గునపం మట్టిలో దిగి, దిగి, ఇక దేనికీ తగలకుండా పిడి దాకా పోయింది. ఆయన తూలి ముందుకి పడబోయి నిలదొక్కుకున్నాడు. నలుగురు కూలీలు పక్క నుంచి తవ్వితే గంటకి గుల్ల బయటపడింది. పట్టాల కింద, సరిగ్గా మలుపు నడుమ, మనిషి వంగి నడవగలిగేంత ఖాళీ. లోపల సన్నగా నీళ్ళ చప్పుడు. ఊరికి నీళ్ళు తెచ్చే పాత గొట్టం ఒకటి కట్ట కింద ఎక్కడో పగిలి, నెలల తరబడి మట్టిని కొంచెం కొంచెంగా కడిగి మోసుకుపోయింది. పైన పట్టాలు వంతెనలా ఖాళీ మీద నిలబడ్డాయి. బండి బరువు పడ్డప్పుడు కిందికి వంగి, పోయాక మళ్ళీ లేచి సరిగ్గా కూర్చున్నాయి. అందుకే ఖాళీ పట్టాల మీద ఎన్నిసార్లు కొలిచినా అంకెలు బాగానే వచ్చాయి.

పట్టాల ఇంజనీరు ఆ గుల్ల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. పైకప్పులా మిగిలిన మట్టి జానెడుంది. అది వేలితో తాకితే రాలింది. "ఇంకో పదో, పన్నెండో బళ్ళు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

గొట్టం మార్చి, గుల్ల పూడ్చి, కట్ట గట్టిపరచడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ జనాన్ని బస్సుల్లో తిప్పారు. ఈసారి ఎవరూ తిట్టలేదు. గుల్ల ఫొటో అందరూ చూశారు. స్టేషన్లలో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆవిడకి దారిచ్చి నిలబడ్డారు. స్టేషన్ మాస్టర్లు కరచాలనం చేశారు. పెద్ద ఆఫీసు నుంచి సన్మానం అన్న మాట వచ్చింది. అత్తగారు పక్కింటివాళ్ళకి చెప్పి చెప్పి గొంతు బొంగురు చేసుకుంది. "మా కోడలు కుదురుగా ఉండే రకమైతే ఎంతమంది పోయేవారో" అనేది.

ఈ పొగడ్త ఆవిడకి ముల్లులా గుచ్చుకునేది. అందరి కథలోనూ ఆవిడ అనుమానించింది, పట్టుపట్టింది, కనిపెట్టింది. నడుమ ఆ సోమవారం పొద్దున ఎవరి నోటా లేదు. పదిహేడు బళ్ళు. ఒక్కో బండిలో పన్నెండు వందల మంది. ఆవిడ ఆ లెక్క వేసి, మధ్యలో ఆపేసి, మళ్ళీ వేసేది. మూడు గొంతులు వింటూ కూర్చున్న ఆ నలభై నిమిషాలే వచ్చి కళ్ళ ముందు నిలబడేది.

నివేదిక రాయాల్సి వచ్చింది. డైరెక్టరు ముసాయిదా తానే తయారుచేయించి పంపాడు. ఫలానా తేదీన కాషన్ పెట్టారు, ఫలానా తేదీ ఎనిమిది నలభైకి బళ్ళు ఆపారు, గుల్ల బయటపడింది. అంతే. ఆవిడ దాన్ని పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది.

"ఇందులో ఒక పొద్దు లేదండీ."

"అబద్ధం ఒక్కటీ లేదు. కాస్త క్లుప్తంగా ఉందంతే" అన్నాడు డైరెక్టరు. "ఆలోచించండి. జనం మనని నమ్ముతున్నారు. ఈ నమ్మకం రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. మీకూ పెద్ద ఆఫీసులో కుర్చీ ఎదురుచూస్తోంది. ఆ పొద్దు రాస్తే ఎవరికి లాభం?"

"రాయకపోతే, రేపు ఇంకొకరు నా కుర్చీలో కూర్చుని ఇలాగే సంతకం పెడతారు. వాళ్ళకి ఇలా జరిగిందని కూడా తెలియదు."

"మీరు కూర్చున్నదెప్పుడు లెండి" అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు గాని ఆయన నవ్వు త్వరగా ఆగిపోయింది.

ఆవిడ రాసింది. కాషన్ ఎత్తేసిన సంగతి, ఏడు గంటల బండిలో ఊపు తనకి స్పష్టంగా తెలిసిన సంగతి, తెలిసీ చెప్పకుండా మీటింగులో కూర్చున్న సంగతి, పదిహేడు బళ్ళ వేళలు, అన్నీ. రాసేముందు బావగారికి చెప్పింది, ఆయన పేరూ వస్తుందని. "రాయండమ్మా. హ్యాండిల్ మీద చెయ్యి నాదే కదా. నేను కూడా నోరు తెరవలేదు" అన్నాడాయన.

విచారణకి ముగ్గురు వచ్చారు. ఎవరు ఒత్తిడి చేశారని మూడు రకాలుగా అడిగారు. ఇంజనీరు అంకెలనో, డైరెక్టరు గడువునో, ఫిర్యాదులనో చెప్పుకునే అవకాశం ఇచ్చారు. ఆవిడ అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పి, "ఇవన్నీ నిజమే. సంతకం మాత్రం నాది. ఆ బండిలో నా కాళ్ళకి తెలిసిన తర్వాత ఇవేవీ నాకు అడ్డం లేవు" అంది. నెల తర్వాత మందలింపు కాగితం వచ్చింది. మూడేళ్ళ దాకా పదోన్నతి లేదు. సన్మానం ఊసు మళ్ళీ రాలేదు. కొందరు పత్రికల్లో చదివి, 'ఈవిడేనట, తెలిసీ పంపించింది' అని ప్లాట్‌ఫారం మీద వేలు పెట్టి చూపించారు. డైరెక్టరు కొన్నాళ్ళు మాట్లాడేటప్పుడు ఆవిడ భుజం పక్కన గోడకేసి చూశాడు.

కానీ కొత్త నియమం వచ్చింది. డ్రైవరు ఊపనో చప్పుడనో రాస్తే, పట్టాలతో పాటు కట్ట అడుగు దాకా చూడాలి. రాసిన డ్రైవరు మళ్ళీ ఆ చోట బండి నడిపి సరేననే దాకా ఎవరి సంతకంతోనూ కాషన్ పోదు. ఆ నియమం ముసాయిదా రాసింది పట్టాల ఇంజనీరు. ఎవరూ చెప్పకుండానే రాశాడు. బావగారు రిటైరైన రోజు అతను ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడో వాళ్ళిద్దరికే తెలుసు.

ఇదంతా అయ్యాక ఒక పొద్దున, ఆరో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద చక్రాలమ్మకి ఇస్త్రీ ఆవిడ ఎదురైంది. తప్పించుకుందామనుకుంది గాని కాళ్ళు అటే నడిచాయి.

"మీ పని ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా, పొద్దుటిదే. బస్సులు పెట్టినప్పుడు మా సూపర్‌వైజరు కూడా ఆలస్యంగానే వచ్చేది. ఇంక నన్నేమంటుంది?"

చక్రాలమ్మ కాసేపు అటూ ఇటూ అడుగులు వేసి ఆగింది. "మీరు పేపరులో చదివారా?"

"మా ఆయన చదివి వినిపించాడు. ఆ సోమవారం నేను ఏడు ముప్పై ఆరు బండిలో ఉన్నాను" అంది ఇస్త్రీ ఆవిడ. "నాకు బాగా గుర్తు. ఆ వారం మొత్తంలో వేళకి వెళ్ళింది ఆ ఒక్క రోజే. లాండ్రీ గేటు దగ్గర నవ్వుకున్నాను కూడా."

"నన్ను తిట్టండి" అంది చక్రాలమ్మ.

ఇస్త్రీ ఆవిడ ఆలోచించింది. "తిడదామనే అనుకున్నాను. మా ఆయన తిట్టాడు, గట్టిగానే. నేను మాత్రం... మీ దగ్గరికొచ్చి ఆలస్యమవుతోందని అడిగింది నేనే కదా. ఎవర్ని తిట్టాలో తేల్చుకోలేక వదిలేశాను." ముంజేతి మీది మచ్చని బొటనవేలితో రుద్దుకుంది. "ఈసారి ఎప్పుడైనా బళ్ళు నెమ్మదిగా నడిపితే నేను మళ్ళీ వచ్చి అడుగుతానమ్మా. అడక్కుండా ఉండలేను, నాకు గడవదు. మీరు మాత్రం వినకండి."

బండి వచ్చింది. రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇస్త్రీ ఆవిడ జనంలో పడి ఎక్కేసింది. తలుపులు మూసుకున్నాక చక్రాలమ్మ అలాగే నిలబడిపోయింది. ఆవిడ అలా ఒక చోట నిలబడి ఉండటం చూసి స్టేషన్ మాస్టరు కంగారుపడి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది మేడమ్?"

"ఆ రెండు నిమిషాలూ ఎక్కడ పోయాయి?" అని అడిగింది ఆవిడ. ఆయన తెలియదన్నాడు. సరే చూద్దామని ఆవిడ తర్వాతి బండెక్కి డ్రైవరు గదిలోకి వెళ్ళింది.